కడుపులోని బిడ్డ, చేతిలోని ఓటు

వేలూరు పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. ఊళ్లో డాక్టర్లు చేతులెత్తేస్తే "వేలూరు తీసుకెళ్లండి" అంటారు. కాట్పాడి స్టేషన్‌లో దిగి ఆసుపత్రికి వెళ్లే మనవాళ్లలో చాలామందికి అది ఎలా పుట్టిందో తెలియదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవం కష్టమై చనిపోయారు. మగ డాక్టరు ముట్టుకోకూడదన్నది ఆ ఇళ్ల కట్టుబాటు. ఆ రాత్రిని కళ్లారా చూసిన ఐడా స్కడర్ అమెరికా వెళ్లి డాక్టరై తిరిగొచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. ప్రాణం పవిత్రమన్న మాటకు క్రైస్తవులు ఈ నేల మీద ఇచ్చిన అర్థం అది. తల్లినీ బిడ్డనూ కలిపి కాపాడటం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన యువత ఫోన్లలోకి అమెరికా ప్రసంగాలు వచ్చిపడుతున్నాయి. గర్భస్రావాన్ని వ్యతిరేకించే పార్టీకే ఓటు వేయాలి, లేకపోతే పాపం అని వాటి సారాంశం. మరి మనం ఎవరికి వేయాలి?

ముందుగా కతోలిక శ్రీసభ బోధను దాపరికం లేకుండా చెప్పుకుందాం. గర్భం ధరించిన క్షణం నుంచి అది మనిషి ప్రాణమే, దాన్ని కావాలని తీసివేయడం ఘోరమైన తప్పు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1995లో రాసిన 'జీవ సువార్త' లేఖ దీన్ని గట్టిగా చెప్పింది. అయితే ఆ లేఖ నిందంతా తల్లి మీద వేయలేదు. ఒత్తిడి చేసిన తండ్రిని, కుటుంబాన్ని, డాక్టర్లను, చట్టాలు చేసినవారిని కూడా బాధ్యులుగా చూపింది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీలతో నిరాశపడవద్దని, దేవుని క్షమాపణ ఉందని ప్రేమగా మాట్లాడింది. ఆ పాపాన్ని క్షమించే అధికారాన్ని ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో గురువులందరికీ శాశ్వతంగా ఇచ్చారు. కాబట్టి గుడిలో ఏ స్త్రీనీ వేలెత్తి చూపే హక్కు మనకెవరికీ లేదు.

ఓటు విషయానికొస్తే, తరువాత పదహారవ బెనడిక్ట్ పోపు అయిన కార్డినల్ రాట్జింగర్ 2004లో అమెరికా మేత్రాణులకు ఒక వివరణ పంపారు. అభ్యర్థి గర్భస్రావాన్ని సమర్థిస్తున్నాడన్న కారణంతోనే అతనికి ఓటు వేయడం తప్పు. ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోకుండా, దానికి దీటైన బరువున్న వేరే కారణాలతో ఓటు వేస్తే అది అనుమతించదగినది కావచ్చు. 2018లో ఫ్రాన్సిస్ పోపుగారు ఇంకో మాట జోడించారు. పుట్టని బిడ్డను కాపాడటంలో గట్టిగా నిలబడాలి, పుట్టిన పేదల, దిక్కులేని వృద్ధుల, బానిసల ప్రాణాలు కూడా అంతే పవిత్రం అని. అంటే శ్రీసభ మనకు పార్టీ పేరు రాసివ్వలేదు. మనస్సాక్షి మీద బరువు పెట్టింది.

మన దేశంలో పరిస్థితి వేరు. 1971లో కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చిన గర్భస్రావ చట్టాన్ని 2021లో బీజేపీ ప్రభుత్వం ఇంకా సడలించి, కొన్ని కారణాలకు గడువును 24 వారాలకు పెంచింది. అమెరికా కొలబద్ద పట్టుకుని మన బ్యాలెట్‌లో పార్టీని వెతికితే దొరకదు.

అలాగని అడగడానికి ఏమీ లేదా? చాలా ఉంది. ఇక్కడ ఎన్నో బిడ్డలు ఆడపిల్లలైనందుకే కడుపులో చనిపోతున్నారు. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లోనే వచ్చింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి 939 మందే మిగిలారు. ఫరో ఆజ్ఞను ధిక్కరించి పసికందులను బతికించిన షిఫ్రా, పూయా అనే మంత్రసానుల కథ మన పిల్లలకు సండే స్కూల్లో చెబుతాం. కట్నం లెక్కలు మాట్లాడే పెద్దలకు ఆ కథ ఎవరు చెప్పాలి?

వేలూరు పక్కనే ఉన్న గుడియాత్తం చూడండి. అగ్గిపెట్టెలు, బీడీలు, లుంగీల పని మీద బతికే ఊరు. ముఖ్యమంత్రి అయిన కామరాజ్‌ను 1954 ఉప ఎన్నికలో శాసనసభకు పంపింది ఈ నియోజకవర్గమే. ఆయన పాలనలోనే బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం రాష్ట్రమంతా విస్తరించింది. పుట్టిన బిడ్డ కడుపు నింపగల శక్తి ఓటుకుందని చూపించిన ఊరు ఇది.

అదే గుడియాత్తం ఉన్న వేలూరు లోక్‌సభ స్థానంలో 2019 ఏప్రిల్ 16న, పోలింగ్‌కు రెండు రోజుల ముందు, ఎన్నిక రద్దయింది. ఓటర్లకు పంచడానికి దాచారన్న సుమారు 11 కోట్ల రూపాయల నగదు పట్టుబడటమే కారణం. డబ్బు పంపకం వల్ల ఒక లోక్‌సభ ఎన్నిక రద్దు కావడం దేశంలో అదే మొదటిసారి. ఆగస్టు 5న మళ్లీ పోలింగ్ జరిగితే గెలుపు తేడా 8,141 ఓట్లు. అంత దగ్గరి పోటీలో అమ్ముడుపోయే ప్రతి ఓటూ ఎంత బరువైనదో ఆలోచించండి.

డబ్బు తీసుకున్న చేతితో అభ్యర్థిని ఏం అడగగలం? స్కానింగ్ సెంటర్ల మీద నిఘా ఏదని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట డాక్టరు ఎందుకు లేడని, బీడీలు చుట్టే గర్భిణికి ప్రసవ సాయం సకాలంలో అందుతుందా అని అడిగే నోరు అప్పటికే మూతపడి ఉంటుంది. ఏశావు ఒక్కపూట చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నాడు. మనం అమ్ముకునేది మన ఒక్కరి హక్కు కాదు. ఓటు లేని కడుపులోని బిడ్డ తరఫున మాట్లాడగల ఒకే ఒక్క మాటను అమ్ముకుంటున్నాం.

కాబట్టి యువతీయువకులారా, ఏ పార్టీకి వేయాలో మేము చెప్పం, ఏ సంఘ పెద్దా మీకు చెప్పకూడదు. ప్రార్థన చేసి, అభ్యర్థి గురించి తెలుసుకుని, పై ప్రశ్నలు నలుగురి ముందు అడిగి, పైసా ముట్టకుండా ఓటు వేయండి. ఓటు వేసి ఇంటికి వచ్చాక, మీ వీధిలో పెళ్లి కాకుండానే గర్భవతి అయిన అమ్మాయినో, మూడోసారీ ఆడపిల్లేనని అత్తింటివాళ్లు వేధిస్తున్న కోడలినో పలకరించండి. ఆ బిడ్డను కనమని ఆమెకు చెప్పే హక్కు, బిడ్డ పుట్టాక ఆమెకు తోడుగా నిలబడేవారికే ఉంటుంది.