లెక్క రాదా, ప్రశ్న అర్థం కాలేదా?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అడిగారు: "మేడమ్, మా వానికి ఎక్కాలన్నీ వస్తయి. వర్డ్ ప్రాబ్లమ్స్ ఎందుకు చేస్తలేడు?" ఆ బాబు నోట్‌బుక్‌లో 'కేర్‌లెస్' అని రాసింది నేనే.

మర్నాడు అతణ్ణి కూర్చోబెట్టి అదే లెక్క తెలుగులో చెప్పాను. రైతు దగ్గర 48 బస్తాల వడ్లున్నాయి. మూడో వంతు అమ్మాడు. మిగిలినవాటిలో సగం ఇంటికి ఉంచుకున్నాడు. ఇంట్లో ఎన్ని? కాసేపు ఆలోచించి "పదహారు మేడమ్" అన్నాడు. లెక్క వచ్చు. ఇంగ్లీషులో 'రిమైనింగ్' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

ఎవరైనా ఫోన్ నంబర్ చెబితే రాసుకునేదాకా మనసులో పట్టుకుంటాం కదా, ఆ పని చేసేది వర్కింగ్ మెమరీ. అందులో చోటు తక్కువ. పెద్దవాళ్లకే ఒకేసారి నాలుగు విషయాల దాకా నిలుస్తాయని 2001లో నెల్సన్ కోవన్ అనే మనస్తత్వవేత్త చెప్పారు. పిల్లలకు ఇంకా తక్కువ. తార్కిక శక్తికి దీనితో దగ్గరి సంబంధం ఉందని 1990లో కిలోనెన్, క్రిస్టల్ చేసిన అధ్యయనం చూపింది. ఉన్న కాస్త చోటునూ ఇంగ్లీషు మాటల అర్థమే ఆక్రమిస్తే, ఆలోచించడానికి చోటెక్కడ?

ఇంకో మాట. కొందరు పిల్లలు టక్కున జవాబిస్తారు, కొందరు నిదానంగా మెట్టు మెట్టుగా వెళ్తారు. ఆలోచనా శైలి అంటే తెలివి కాదు, ఉన్న తెలివిని వాడుకునే తీరు అంటారు రాబర్ట్ స్టెర్న్‌బర్గ్. నిదానంగా చేసే పిల్లను మొద్దు అనకండి.

"పరీక్ష ఇంగ్లీషులోనే కదా, తెలుగెందుకు?" అని మీరు అడగవచ్చు. నిజమే, జవాబు ఇంగ్లీషులోనే రాయాలి. కానీ అర్థం చేసుకోవడానికి తెలుగు మెట్టు లాంటిది. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం కూడా ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలే ఇచ్చింది. పెన్‌పహాడ్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఆ సాయం ఎందుకు వద్దు?

ఇంట్లో ఇలా చేసి చూడండి. లెక్కను ముందు తెలుగులో చెప్పమనండి. తెలిసిన అంకెల్ని రఫ్ పేపర్ మీద రాయించండి. కాగితం మీద పెడితే మనసులో చోటు మిగులుతుంది. హోంవర్క్ వేళ టీవీ ఆపేయండి.

నేను మాత్రం ఆ నోట్‌బుక్‌లో 'కేర్‌లెస్' కొట్టేశాను.