ప్లానులో మన లెక్క ఎంత?

కొత్త భవనాల ప్రారంభోత్సవాల్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. "స్త్రీ పురుషులిద్దరికీ సమానంగా సౌకర్యాలు కల్పించాం" అని. ఆ సమానాన్ని దేనితో కొలిచారని మాత్రం ఎవరూ అడగరు. చదరపు అడుగులతోనా, మనుషులతోనా, నిమిషాలతోనా?

చదరపు అడుగులతోనే కొలుస్తారు. ఆఫీసు భవనాల ప్లాన్లు తీసి చూడండి. చాలావాటిలో మెట్ల పక్కనో వరండా చివరో రెండు దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. మధ్యలో పైపుల కోసం ఒక డక్టు. ఒక పక్క పురుషులకి, రెండో పక్క అద్దంలో దాని నీడలాగా స్త్రీలకి. కాగితం మీద ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ ఒక లెట్రిన్ గది పట్టేచోట రెండు యూరినళ్ళు పడతాయి. కాబట్టి అదే వైశాల్యంలో మగవాళ్ళకి ఎక్కువ చోట్లు వస్తాయి. ఇక సమయం సంగతి. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోవాలి, సల్వారు ముడి విప్పుకోవాలి, కొక్కెం లేని తలుపు దగ్గర సంచీ మెడకి తగిలించుకోవాలి, చంటిబిడ్డ ఉంటే వాణ్ణి ఎవరికో అప్పగించి రావాలి. నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకోవాలి, దాన్ని పారేయడానికి బుట్ట లేకపోతే కాగితంలో చుట్టి మళ్ళీ సంచీలోనే పెట్టుకోవాలి. ఇవన్నీ నిమిషాలు. ఈ నిమిషాలు ఏ ప్లానులోనూ ఉండవు.

ఇది గీసినవాళ్ళ అజ్ఞానమే అయితే ఇంత రాయనక్కర్లేదు. నియమమే అలా ఉంది. 2005 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి కార్యాలయాలకి పెట్టిన లెక్క చూడండి. పురుషులకి 25 మందికొక లెట్రిన్, స్త్రీలకి 15 మందికొకటి. చదవగానే నియమావళి మన పక్షాన ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ పక్క గడి కూడా చదవాలి. పురుషులకి వీటికి అదనంగా యూరినళ్ళున్నాయి, 71 నుంచి 100 మందికి నాలుగు. అంటే వందమంది మగవాళ్ళకి నాలుగూ నాలుగూ ఎనిమిది. వందమంది ఆడవాళ్ళకి ఏడు. ఎక్కువ సమయం పట్టేవాళ్ళకి తక్కువ చోట్లు! సరిగ్గా అదే 2005లో న్యూయార్క్ నగరం కొత్తగా కట్టే థియేటర్లు, క్రీడాప్రాంగణాల వంటిచోట్ల మగవాళ్ళకి ఒకటుంటే ఆడవాళ్ళకి రెండుండాలని చట్టం చేసింది. పైగా మన నియమావళి తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రాలూ మునిసిపాలిటీలూ తమ నిబంధనల్లో చేర్చుకుంటేనే దానికి ప్రాణం. ఆ ఏడు కూడా కాగితం మీది ఏడే.

ఇంకో మెలిక ఉంది. "వందమంది స్త్రీలు" అని ఎవరు నిర్ణయిస్తారు? భవనం కట్టేనాటికి అక్కడ పనిచేస్తున్నవాళ్ళ సంఖ్య చూస్తారు. పన్నెండుమంది ఉంటే ఒక్క గది చాలంటారు. ఆ ఒక్క గదీ స్టోరు రూమైపోతుంది, లేదా ఎవరో అధికారి పేరు మీద తాళం పడుతుంది. చాలినన్ని లేవు కాబట్టి స్త్రీలు ఎక్కువసేపు ఉండరు. ఉండరు కాబట్టి చాలినన్ని కట్టరు. కోర్టుల సంగతే చూడండి. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు దేశంలోని అన్ని కోర్టుల్లో, ట్రిబ్యునళ్ళలో స్త్రీలకి, పురుషులకి, వికలాంగులకి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించాల్సి వచ్చింది. రాజ్యాంగం వచ్చిన డెబ్భై అయిదేళ్ళకి, న్యాయం చెప్పే భవనాల గురించి! ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి విడిగా పబ్లిక్ టాయిలెట్లు ఏర్పాటు చేయాలని అదే కోర్టు 2014లోనే చెప్పింది. ఈ పదేళ్ళలో కట్టిన హాస్టళ్ళలో ఎన్నింటి ప్లాన్లలో ఆ గీత పడిందో అడిగితే తెలుస్తుంది.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. పాత స్త్రీల పత్రికల కోసం ఏళ్ళ తరబడి ఒక గ్రంథాలయంలో కూర్చున్నాను. ఉన్న ఒక్క ఆడవాళ్ళ బాత్రూముకి ఎప్పుడూ తాళమే. తాళంచెవి అటెండరు దగ్గర. అతను భోజనానికి వెళితే అది కూడా అతనితోనే వెళ్ళేది. అందుకని పొద్దున కాఫీ మానేసి, నీళ్ళ సీసా ఇంటిదగ్గరే వదిలేసి వెళ్ళేదాన్ని. నా పక్కన కూర్చున్న అమ్మాయిలందరిదీ ఇదే పద్ధతి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆ హాల్లో మగ పరిశోధకులే మిగిలేవారు. సాయంత్రం దాకా కూర్చున్న వాళ్ళ నోట్సుకీ, ఒంటిగంటకి లేచిపోయిన మా నోట్సుకీ ఉన్న తేడాని తర్వాత "ప్రతిభ" అన్నారు. యూరినరీ ఇన్ఫెక్షన్‌కి మింగిన మందుబిళ్ళల సంగతి ఏ థీసిస్ కృతజ్ఞతల్లోనూ రాయలేం కదా.

తమాషా ఏమిటంటే అక్కడ నేను చదివింది కూడా పరిశుభ్రత గురించే. 1883లో వీరేశలింగం పెట్టిన 'సతీహితబోధిని' కానీ, 1928లో డాక్టర్ కేసరి ప్రారంభించిన 'గృహలక్ష్మి' కానీ, ఆ తరం పత్రికల్లో ఇల్లు శుభ్రంగా ఉంచడం, పిల్లల ఆరోగ్యం కాపాడడం స్త్రీ విద్యలో భాగం. శుభ్రత ఇంట్లో ఆమె బాధ్యత. ఆ చదువుకున్న ఇల్లాలి మునిమనుమరాలు ఇంటి బయటికి వస్తే, అక్కడి శుభ్రత ఆమె హక్కు కావాలన్న ఆలోచన మాత్రం ఇంకా రాలేదు. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన తాళమున్న సొంతగది గురించి మనం సెమినార్లు పెట్టుకుంటూనే ఉన్నాం. ఆ సెమినార్లు జరిగే భవనంలో ఆడవాళ్ళ బాత్రూముకి లోపల గడియ ఉందా అన్నది "స్థానిక సమస్య" కింద, ఆఫీసుకి రాసే అర్జీ కింద పోతుంది. దేహం మీద, స్థలం మీద ఇంత సిద్ధాంతం రాసుకున్న మన విమర్శ ఒక్క ఇంజనీరు చేతిలోని బ్లూప్రింటుని పాఠంగా తీసుకుని చదవలేదేం? అది కూడా పాఠమే. కవితకంటే గట్టిది. కాంక్రీటులో అచ్చవుతుంది, అరవై ఏళ్ళు నిలుస్తుంది.

ఇక్కడ "ఆడపిల్లల మానమర్యాదలు" అనే మాటతో నాకు పెద్ద పేచీ ఉంది. మరుగుదొడ్ల ప్రచారమంతా ఆ మాట మీదే నడిచింది. కోడలు బయటికి వెళితే పరువు పోతుంది కాబట్టి ఇంట్లో కట్టించండి అని గోడల మీద రాయించారు. ఆ తర్కం ప్రకారం ఆమె ఇంట్లోనే ఉంటే సమస్యే లేదు! బజార్లో, బస్టాండులో, కోర్టులో, లైబ్రరీలో పొద్దుగూకేదాకా ఉండాలనుకున్న మనిషికి ఆ తర్కం ఏమీ ఇవ్వదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో ముంబై మీద రాసిన 'వై లాయిటర్?' పుస్తకం పబ్లిక్ టాయిలెట్ల గురించి మాట్లాడింది, స్త్రీలు ఏ పనీ లేకుండా కూడా వీధిలో ఉండే హక్కు కోసం. మనకి కావలసిన తర్కం అది.

బడుల దగ్గరికి వస్తే అంకెలకి కొదవ లేదు. 2009 విద్యాహక్కు చట్టం బాలికలకి విడిగా మరుగుదొడ్డి ఉండాలంది, ఎందరికి ఎన్ని అన్నది చెప్పలేదు. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ఏడాదిలో అన్ని బడుల్లో కడతామన్నారు. ప్రభుత్వరంగ సంస్థలు కట్టినవాటిలో 2,326 మరుగుదొడ్లని కాగ్ తనిఖీ చేయించి 2020లో నివేదిక ఇచ్చింది. వాటిలో 72 శాతం వాటికి లోపల నీటి కుళాయి సౌకర్యం లేదు. నీళ్ళు లేని గదిని మరుగుదొడ్డి అని ఎలా పిలుస్తారో నాకు అర్థం కాదు. గోడలు లెక్కకి వస్తాయి, ఫోటోకి వస్తాయి. పైన ట్యాంకు, దాన్ని నింపే మోటారు, దాని కరెంటు బిల్లు ఫోటోకి రావు. 2023లో సరూర్‌నగర్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో దాదాపు ఏడువందల మంది అమ్మాయిలకి ఒకే టాయిలెట్ ఉందని ఒక విద్యార్థి రాసిన లేఖని తెలంగాణ హైకోర్టు విచారణకి తీసుకుంది. నియమావళి, చట్టం, ఎర్రకోట అన్నీ దాటి వచ్చాక మిగిలింది, రాజధాని నగరంలో, ఒకటి.

ఇంతవరకూ వాడుకునేవాళ్ళ గురించే మాట్లాడాను. కడిగే మనిషి ఏ పట్టికలోనూ లేదు. ఆయమ్మ అంటాం, చాలాసార్లు పేరు కూడా అడగం. ఆమె చీపురు, మాపు ఎక్కడ పెట్టుకోవాలి? చేతులు కడుక్కునే బేసిన్‌లోనే మాపు పిండాలి, ఎందుకంటే నేలకి దగ్గరగా బకెట్టు పట్టేంత ఎత్తులో కుళాయి ఎవరూ గీయలేదు. టైల్సు నున్నగా మెరవాలన్నారు కానీ నీళ్ళు జాలీ వైపు పారేలా వాలు ఇవ్వలేదు. ఆమె రోజంతా నీళ్ళు నెడుతూనే ఉంటుంది, జారి పడుతుంది కూడా. వెంటిలేటర్ ఉంటుంది, కానీ మూసేసిన డక్టులోకి తెరుచుకుంటుంది, యాసిడ్ ఘాటంతా ఆమె ఊపిరితిత్తుల్లోకే. మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పుకోవడానికి ఆమెకి ఉన్న చోటు ఆ బాత్రూము ముందరి గట్టే. కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి స్టాఫ్ రూముకి రాదు. వచ్చినా ఆమె కులం ముందే తెలిసిన వాళ్ళు అక్కడ కూర్చుని ఉంటారు.

భూమి కిందికి దిగితే ఇంకా ఘోరం. సెప్టిక్ ట్యాంకు కార్ పార్కింగుకి అడ్డం అని భవనం వెనక ఇరుకు సందులో కట్టిస్తారు. ట్యాంకర్ లారీ అక్కడికి రాలేదు, పైపు అందదు. అప్పుడు ఒక మనిషిని దించుతారు. మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అతని కోసం లోపల ఎదురుచూస్తూ ఉంటాయి. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడాన్ని నేరమంది. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన పిటిషన్ మీద 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పాకీపని చేసేవాళ్ళ జీవితాల మీద గీతా రామస్వామి 2005లోనే పుస్తకం రాశారు. అయినా చావులు ఆగలేదు. పత్రికలు దాన్ని "ప్రమాదం" అని రాస్తాయి. లారీ వెళ్ళలేని చోట ట్యాంకు గీసిన పెన్సిలు ఆ చావుని ముందే గీసింది. అతని భార్య రేపు ఏ భవనంలో చీపురు పట్టుకుంటుందో మీరే ఊహించండి.

మనలో చాలామంది ఇప్పుడు కాలేజీల్లో, యూనివర్సిటీల్లో భవన కమిటీల్లో ఉన్నాం. "మహిళా ప్రతినిధి" అని పేరు వేసి సంతకం కోసం ఫైలు పంపుతారు. ముఖద్వారం బొమ్మ రంగుల్లో చూపిస్తారు. దాన్ని పక్కన పెట్టి శానిటరీ డ్రాయింగు తెప్పించండి. ఆడవాళ్ళ సంఖ్య ఏ ఏడాదిది తీసుకున్నారో అడగండి. కొక్కెం, గడియ, చెత్తబుట్ట ఎస్టిమేటులో ఉన్నాయా, కింది కుళాయి ఉందా, ఆయమ్మ గది ఏ అంతస్తులో, ట్యాంకర్ ఏ గేటులోంచి వస్తుంది అని అడగండి. "అవన్నీ కాంట్రాక్టరు చూసుకుంటాడు మేడమ్" అంటారు. అప్పుడు పెన్ను మూత తీయకండి.