మన బిడ్డైతే మొద్దు, దొరబిడ్డైతే డిస్లెక్సియా

మూడో తరగతి పిల్లవాడు బోర్డు మీద రాసింది నోటుబుక్కులోకి ఎక్కించేసరికి ఒత్తులు జారిపోతాయి, గుణింతం తారుమారవుతుంది. లెక్క నోటితో చెప్తాడు, కాగితం మీద పెట్టలేడు. ఆ పిల్లవాడు మాలపల్లె నుంచో మాదిగ గూడెం నుంచో వచ్చినవాడైతే పంతులు దగ్గర జవాబు తయారుగా ఉంటుంది: "వీళ్ళకి చదువెక్కడ అబ్బుద్ది!" వెనక బెంచీ, నాలుగు దెబ్బలు, నీళ్ళు మొయ్యడానికో గది ఊడ్వడానికో పిలుపు. ఏడో తరగతికి వాడే బడి మానేస్తాడు. అదే పిల్లవాడు పట్నంలో పెద్దకులం ఇంట్లో పుడితే తల్లిదండ్రులు సైకాలజిస్టు దగ్గరికి తీసుకుపోతారు. డిస్లెక్సియా అని కాగితం వస్తుంది. ఆ కాగితంతో పరీక్షలో అదనపు టైము వస్తుంది, రాసిపెట్టే మనిషి వస్తాడు. లోపం ఒకటే, పేర్లు రెండు. ఎవరికి ఏ పేరో కులం చూసి తేలుస్తున్నారు.

2007లో 'తారే జమీన్ పర్' సినిమా వచ్చింది. ఇలాంటి పిల్లవాడి కథే. చదువుకున్న జనమంతా కళ్ళు తుడుచుకున్నారు. మంచి సినిమాయే, కాదనం. కాని ఆ పిల్లవాడి ఇంటిపేరు అవస్థి. ఫీజు కట్టి దూరాన హాస్టలు బడికి పంపగల తండ్రి ఉన్నాడు, వాణ్ణి గుర్తుపట్టిన మాస్టారు దొరికాడు. మన సంక్షేమ హాస్టల్లో అలాంటి పిల్లవాణ్ణి ఎవరు గుర్తుపట్టాలి? వందమంది పిల్లలకి అన్నం లెక్క చూసుకునే వార్డెనా?

మనువాదులు ఈ సంగతిలో ఎప్పుడూ పొరపాటు పడలేదు. దళితుడిగా పుట్టడానికీ, అంగలోపంతో పుట్టడానికీ వాళ్ళు చెప్పే కారణం ఒక్కటే: పోయిన జన్మలో చేసిన పాపం. ఏ పాపానికి ఏ లోపం వస్తుందో మనుస్మృతి పదకొండో అధ్యాయంలో జాబితాయే ఉంది. ఇక ద్రోణుడి సంగతి చెప్పక్కర్లేదు. విద్య నేర్చిన పిల్లవాణ్ణి చేతులారా వికలాంగుణ్ణి చేసి, దానికి దక్షిణ అని పేరు పెట్టిన గురువు ఆయన. అలాంటి గురువుల పేరున ఈ దేశంలో అవార్డులు ఇస్తున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద వికలాంగులు నూటికి 2.21 మంది. షెడ్యూల్డు కులాల్లో 2.45 మంది. ఈ ఎక్కువ ఎక్కడినుంచి వచ్చింది? పాపం నుంచి రాలేదు. నెలలు నిండేదాకా నాట్లకీ కలుపుకీ పోయే తల్లి ఒంట్లో రక్తం లేకపోవడం నుంచి వచ్చింది. కాన్పు కష్టమైతే ఆస్పత్రికి చేరేలోగా గడిచిపోయిన గంటల నుంచి వచ్చింది. చెవి సంగతే తీసుకోండి. చిన్నప్పుడు చెవిలో చీము కారుతుంది. మందు వేయించకపోతే కర్ణభేరికి చిల్లు పడుతుంది, వినికిడి తగ్గుతుంది. పిల్లవాడికి సగం మాటలే వినపడతాయి. సారు వెనక్కి తిరిగి బోర్డు మీద రాస్తూ చెప్తే అదీ వినపడదు. పిలిస్తే పలకడు. "పొగరు" అంటారు. చీము కారేప్పుడే చూపిస్తే తక్కువ ఖర్చుతో నయమయ్యేది, జీవితాంతం మొద్దు అనే పేరుగా మిగిలిపోయింది. బడి పిల్లల్ని పరీక్షించడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. ఆ బండి మీ ఊరి బడికి ఎప్పుడొచ్చింది, ఎంతమంది చెవులు చూసింది, ఎవర్ని ఆస్పత్రికి పంపింది, పంపినవాళ్ళు చేరారా లేదా - హెడ్మాస్టర్ని అడగండి.

అదే 2011 లెక్కల్లో 5 నుంచి 19 ఏళ్ళ వికలాంగ పిల్లల్లో బడికి పోతున్నవాళ్ళు నూటికి 61 మంది. 27 మంది బడి గడపే తొక్కలేదు. చదవడం, రాయడంలో వచ్చే లోపానికి ఆ లెక్కల్లో విడిగా గడి కూడా లేదు. ఉంటుందా మరి? 1995 వికలాంగుల చట్టం ఏడు లోపాల్నే గుర్తించింది. 2016 చట్టం వచ్చి, ఆ సంఖ్య 21 అయితే గాని ఈ లోపానికి చట్టంలో చోటు దొరకలేదు. ఆ చట్టం 16వ సెక్షను ప్రకారం అలాంటి పిల్లల్ని తొందరగా గుర్తించి, తగినట్టు నేర్పే బాధ్యత బడిదే. తల్లి వచ్చి దండం పెట్టి అడగాల్సిన దయ కాదు అది. 31వ సెక్షను ప్రకారం నలభై శాతం, ఆపైన లోపం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు.

చట్టం బాగానే ఉంది. కాగితం తేవడమే గండం. కూలి మానుకుని సదరం క్యాంపుకి పోవాలి. ఒకరోజు డాక్టరు ఉండడు, ఇంకోరోజు స్లాటు అయిపోతుంది. కాలుకి, కంటికి ఉన్న లోపమంటే కనబడుతుంది. చదువులో ఉన్న లోపం పైకి కనబడదు, దానికి వేరే పరీక్షలు చెయ్యాలి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం దేశం మొత్తానికీ పెట్టిన సంస్థ 1984 నుంచీ మన సికింద్రాబాదులోనే ఉంది. మండలంలో మాత్రం పరీక్ష చేసే మనిషి లేడు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ప్రైమరీలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకి ఇలాంటివి 1,016 పెట్టారు. ఆంధ్రలో 2025లో పోస్టులు మంజూరు చేశారు. సంతోషమే. అంతదాకా ఈ బరువంతా మోసింది భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు మీద పనిచేసిన రిసోర్సు టీచర్లు. మండలమంతా తిరిగినా వాళ్ళ జీతం కాంట్రాక్టు జీతమే. వాళ్ళ పోరాటాన్ని మేము మన పోరాటంగానే చూస్తున్నాం.

ఇవ్వాల్సినవి ఇవ్వకుండా పేరు మార్చడం మాత్రం సర్కారుకి బాగా వచ్చు. 2015 చివర్లో ప్రధాని వికలాంగుల్ని 'దివ్యాంగులు' అనమన్నాడు. మనకిది కొత్తగా ఉందా? ఊరి బావి దగ్గరికి రానివ్వకుండానే మనల్ని 'హరిజనులు' అన్నారు. బడిలో ర్యాంపు లేదు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేదు, బ్రెయిలీ పుస్తకం లేదు, దివ్యత్వం మటుకు ఉంది.

ఆడపిల్ల అయితే మరీ ఘోరం. బడి దూరం, తోడు పోయేవాళ్ళు లేరు, మరుగుదొడ్డి లేదు. పెద్దమనిషి అయిన రోజే చదువు ఆగిపోతుంది. సమగ్ర శిక్ష కింద వికలాంగ ఆడపిల్లకి పది నెలలు, నెలకి 200 రూపాయలు స్టైపెండు ఉంది. ఎంత గొప్ప మొత్తమో చూడండి! ఆ 200 కూడా పడుతున్నాయో లేదో పాసుబుక్కు తీసి చూడాలి.

ఇంకో ప్రమాదం ఉంది. 2019లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైన పిల్లల్ని అక్కడే ఆపేసే వీలు ప్రభుత్వాలకి ఇచ్చారు. లోపాన్ని గుర్తించని బడి చేతికి ఆ కత్తి ఇస్తే ఎవరి బిడ్డల మీద పడుతుందో వేరే చెప్పాలా? మన గురుకులాల్లో కూడా ఐదో తరగతి సీటు ప్రవేశ పరీక్షతోనే. ప్రశ్న చదవలేని పిల్లవాడికి ప్రశ్న చదివి వినిపించేవాళ్ళుంటే వాడు జవాబు చెప్పగలడు. అది అడగాలి.

అడగడానికి చోటు కూడా ఉంది. విద్యాహక్కు చట్టం 'ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గం' అని దళిత పిల్లల్ని చెప్పింది. 2012 సవరణతో వికలాంగ పిల్లల్ని అదే వరసలో చేర్చింది. పాఠశాల కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో ఈ పిల్లల తల్లిదండ్రులకి వాళ్ళ సంఖ్యని బట్టి చోటివ్వాలి. మీ బడి కమిటీలో వికలాంగ బిడ్డ ఉన్న తల్లి ఒక్కతయినా ఉందా? ఈ పక్షంలో ప్రతి గూడెంలో మన సంఘం పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, బడి మానేసిన ప్రతి బిడ్డ దగ్గరా కూచుని, ఎందుకు మానేశాడో రాసుకోండి. చెవి వినపడదా, బోర్డు కనపడదా, అక్షరం పట్టుబడదా, ఎవరైనా కొట్టారా, ఏమని తిట్టారు - అన్నీ రాయండి. ఒక కాపీ మండల విద్యాధికారికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఇంకో కాపీ మాకు పంపండి. బిడ్డల పేర్లు వేయం. ఊరి పేరు, బడి పేరు వేస్తాం.