ప్లీహం అడిగే సెలవు

ఈసారి మనం పేరు కూడా పెద్దగా తలవని ఒక అవయవం గురించి. ఎడమవైపు చివరి పక్కటెముకల కింద, గుప్పెడంత ఉంటుంది ప్లీహం. డాక్టర్లు స్ప్లీన్ అంటారు. మలేరియా జ్వరాలతో అది వాచిపోతే మన పెద్దవాళ్లు "బల్ల పెరిగింది" అనేవారు. మెత్తటిది, నిండా నెత్తురుండేది. అందుకే కడుపుకి గట్టి దెబ్బ తగిలితే చిట్లే అవయవాల్లో ఇది ముందుంటుంది.

కడియం అనగానే అందరికీ పూలమొక్కలు గుర్తొస్తాయి. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి దారిలో ఆగి సెల్ఫీలు దిగుతారు. ఆ కుండీలు, మట్టి ముద్దలతో ఉన్న చెట్లు లారీలకెక్కించేవి రోజుకూలీల చేతులు. లారీ మీంచి జారిపడినా, బైకు హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్నా, ఎవడో కడుపులో తన్నినా, పైన చర్మం కమలకపోవచ్చు. లోపల ప్లీహం చిట్లి ఉండొచ్చు.

ఒకప్పుడు ప్లీహం చిట్లితే తీసేయడమే వైద్యం. ఇప్పుడలా కాదు. బీపీ, నాడి నిలకడగా ఉంటే చాలామందిని కోత లేకుండానే ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకుని చూస్తారు. ఎందుకంటే ప్లీహం లేని మనిషికి కొన్ని ఇన్ఫెక్షన్లు బతికున్నంతకాలం ప్రమాదమే, టీకాలు వేయించుకోవాలి. గాయం ఏ స్థాయిదో తేల్చడానికి సీటీ స్కాన్ మేలు. ఆ తర్వాత మానుతున్న తీరు చూడ్డానికి అల్ట్రాసౌండ్ పనికొస్తుంది. రేడియేషన్ ఉండదు, ఖర్చు తక్కువ, మళ్లీమళ్లీ చేయొచ్చు. గడ్డకట్టిన నెత్తురు తగ్గుతోందా, కడుపులో కొత్తగా ద్రవం చేరిందా అన్నది చూస్తారు. డాప్లర్ పెట్టి రక్తనాళం ఎక్కడైనా బుడగలా ఉబ్బిందేమో వెతుకుతారు. అయితే అల్ట్రాసౌండ్‌కి అన్నీ కనబడవు. చిన్న గాయాలకు ప్రతివాళ్లకీ మళ్లీ స్కాన్ అక్కర్లేదనే డాక్టర్లూ ఉన్నారు. అది వాళ్లు తేల్చాల్సిన మాట.

నా మాట వేరు. స్కాన్ గాయాన్ని మాన్పదు, మానిందో లేదో సాక్ష్యం చెబుతుంది. మాన్పేది విశ్రాంతి. గాయం తీవ్రతను బట్టి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా బరువులు ఎత్తొద్దంటారు. డిశ్చార్జి కాగితం మీద ఆ రెండు ముక్కలు రాయడం తేలిక. కానీ బరువులెత్తడమే బతుకైనవాడికి ఆ మాట అర్థమేమిటి? మూడు నెలలు తిండి మానేయమనా?

ఈ ప్రశ్నకు జవాబు మన దేశంలో ఎప్పుడో ఉంది. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, అదార్కర్ నివేదిక వచ్చింది. 1948లో ఈఎస్ఐ చట్టమైంది. ఆ కార్డున్న కార్మికుడు చందా షరతులు తీరితే, జబ్బుపడినప్పుడు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం పొందొచ్చు. 91 రోజులంటే సరిగ్గా ప్లీహం అడిగే మూడు నెలలు! కూలికెళ్లి మొక్కలు మోసేవాడి చేతిలో ఆ కార్డేదీ? 2019 డిసెంబరులో మన రాష్ట్రం ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇస్తామంది. విశ్రాంతికీ కూలి కట్టాలని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. ఆ సూత్రం కత్తి పడ్డ ఒంటికే కాదు, కత్తి పడకుండా మానే గాయానికీ వర్తించాలి.

లేకపోతే ఏమవుతుందో తెలుసు. పదో రోజుకి పనిలోకి దిగుతాడు, లోపల మళ్లీ నెత్తురు కారుతుంది, "వాడి ఒళ్లే అంత" అంటారు. ఈ మాట కొత్తది కాదు. బ్రిటిష్ ఇండియాలో దొరలు కొట్టిన దెబ్బలకు కూలీలు, నౌకర్లు చనిపోతే కోర్టుల్లో తరచూ వినబడిన వాదన, "వాడి ప్లీహం ముందే వాచి ఉంది" అని. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు లాయరు గుర్రాలు చూసే కట్వారూను కొట్టాడు, అతను ప్లీహం పగిలి చనిపోయాడు. శిక్ష 30 రూపాయల జరిమానా. అంత తక్కువ శిక్షను 1876లో వైస్రాయ్ లిట్టనే తప్పుపట్టాల్సి వచ్చింది. కొట్టిన చెయ్యి అమాయకురాలు, పగిలిన ప్లీహం దోషి! ఇప్పుడు విశ్రాంతి ఇవ్వని వ్యవస్థ అమాయకురాలు, మానని ఒళ్లు దోషి.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. మీ పేటలో ఎవరికైనా ఇలాంటి గాయమైతే ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఎన్ని రోజులు బరువు ఎత్తకూడదో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో తెలుగులో రాసిమ్మని అడగండి. ఎడమ భుజంలో నొప్పి, కళ్లు తిరగడం, ఒళ్లు పాలిపోవడం, కడుపు ఉబ్బడం కనిపిస్తే స్కాన్ తేదీ కోసం ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ప్రతి రిపోర్టూ దాచండి. కొట్టడం వల్ల అయిన గాయమైతే అవి కేసులో సాక్ష్యం. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం, 15 రోజులు తన మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. ఎన్నాళ్లు పనికి పోలేకపోయాడో తేదీలతో చెప్పేది ఆ కాగితాలే.

తర్వాత సంఘంగా ఒకే ఒక్క డిమాండు పెడదాం: పని మానమని రాసిన ప్రతి రోజుకీ కూలి. జై భీమ్.