అలారం మోగితే పట్టించుకునేది ఎవరు?



టైప్ 1 డయాబెటిస్ ఉన్న బిడ్డకు గ్లూకోమీటర్ సరిపోతుందా, చేతికి అతికించే సెన్సార్ కొనాలా? ఈ ప్రశ్న రాగానే మనం ధర చూస్తాం. ముందు చూడాల్సింది బిడ్డ టైమ్ టేబుల్ అని నా అభిప్రాయం.

ఇన్సులిన్ తీసుకుని బడికి బయలుదేరిన పిల్లలు సాయంత్రం దాకా మన కళ్లెదుట ఉండరు. ఆటల పీరియడ్, ఆలస్యమైన లంచ్ వంటి వేళల్లోనే షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ. గ్లూకోమీటర్ ఆ క్షణంలోని అంకెను మాత్రమే చెబుతుంది. సెన్సార్ అయితే షుగర్ పెరుగుతోందో, తగ్గుతోందో బాణం గుర్తుతో చూపిస్తుంది. ఒంట్లో బాగాలేదని చెప్పలేని చిన్నపిల్లలకు, నిద్రలో షుగర్ తగ్గేవారికి సెన్సారే మేలు. కొనేముందు అలారం ఉందో లేదో తప్పక అడగండి. అన్నింటికీ ఉండదు.

సెన్సార్ కొన్నా గ్లూకోమీటర్‌ను మూలన పడేయకండి. సెన్సార్ కొలిచేది రక్తంలోని షుగర్‌ను కాదు, చర్మం కింది ద్రవంలోని షుగర్‌ను. అందుకే షుగర్ వేగంగా మారేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. బిడ్డకు చెమటలు పట్టి వణుకుతున్నా సెన్సార్ అంకె బాగానే ఉంటే, చేతులు కడిగించి వేలి నుంచి చుక్క రక్తం తీసి చూడండి. సెన్సార్ల ఖర్చు భారమైతే దిగులు వద్దు. సెన్సార్ పెట్టి పట్టించుకోకపోవడం కన్నా గ్లూకోమీటర్‌తో క్రమం తప్పకుండా చూసుకోవడం నయం. గుచ్చకుండానే షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాల జోలికి మాత్రం పోకండి. వాటిని నమ్మవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది.

అసలు చిక్కు ఫోన్‌తోనే. చాలా సెన్సార్ల అంకెలు ఫోన్‌లోనే కనిపిస్తాయి. బడిలో ఫోన్ వద్దనే నియమం మంచిదే. కానీ ఈ బిడ్డకు అది వైద్య పరికరం. టీచర్ బల్లమీద ఉంచితే చాలు. తరగతిలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, మధ్యలో తినడానికి ఇలాంటి పిల్లలను అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లోనే రాష్ట్రాలకు రాసింది.

కాబట్టి పరికరంతో పాటు డాక్టర్ సూచనలు రాసిన ఒక కాగితం కూడా క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. షుగర్ 70 కన్నా తగ్గితే ఎంత గ్లూకోజ్ ఇవ్వాలి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడడం, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ వేయకూడదని కూడా రాయండి.

మీ పిల్లలకు ఈ సమస్య లేదా? పక్క బెంచీ నేస్తానికి ఉండవచ్చు. ఆ అలారం మోగితే నవ్వకుండా టీచర్‌ను పిలవాలని ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్కమాట చెప్పండి.