కాలువగట్టు మీద సైకిలు

మొన్న సంక్రాంతికి బంటుమిల్లి వచ్చిన నా పూర్వశిష్యుడొకడు తన ఫోనులో కొన్ని చిత్రములు చూపినాడు. అతడు జర్మనీలో ఉద్యోగము చేయుచున్నాడు. డాన్యూబు నది వెంట, పసావు పట్టణము మొదలుకొని వియన్నా వరకు, మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము సైకిలు మీద పోయినాడట. ఒక ప్రక్క నది, వేరొక ప్రక్క మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, కొండకొమ్మున ఒక శిథిల దుర్గము. అది డ్యూర్న్‌స్టయిను కోట. సింహహృదయుడని పేరుపొందిన ఇంగ్లండు రాజు రిచర్డును 1192లో బంధించి ఉంచినది అక్కడనే.

“ఇట్లాంటి దారి మన దేశంలో ఎక్కడుంది మాస్టారూ?” అని నిట్టూర్చినాడు.

“మీ ఇంటి వెనకనే ఉన్నదోయ్” అంటిని. నేను పరిహాసమాడితిననుకొని నవ్వినాడు.

పరిహాసము కాదు. ఆ డాన్యూబు బాట సైకిళ్ళ కొరకు పుట్టినది కాదు. ఆవిరి ఓడలు రాకముందు, ఏటికి ఎదురుగా పోవు పడవలను గుర్రములచేత లాగించుటకు ఒడ్డు వెంట ఏర్పరచిన బాట. ఓడలు వచ్చినవి, గుర్రములు పోయినవి, బాట మాత్రము మిగిలినది. దానిని పాడుపెట్టక సైకిళ్ళకు అప్పగించుటలో వారి తెలివి ఉన్నది. మన కాలువగట్ల పుట్టుక యు ఇటువంటిదే. 1852లో మొదలై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట వెనుక త్రవ్విన కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. లాకులు కట్టినది అందుకే. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తెడివారు. లేనప్పుడు మోకు భుజమున వేసికొని గట్టుమీద నడచుచు మనుష్యులే పడవను లాగెడివారు. ఏలూరు కాలువ మీదుగా గోదావరికి, కొమ్మమూరు, బకింగ్‌హాము కాలువల మీదుగా చెన్నపట్టణమునకు సరకు పోయెడిది. అక్కడ గుర్రము, ఇక్కడ మనిషి. భేదమంతే.

గట్టు అను మాటకు తెలంగాణమున కొండ యని అర్థము. మన వైపున కాలువకు, చెరువుకు, పొలమునకు వేసిన మట్టికట్ట గట్టు. ఒకే మాట అంత ఎత్తునుండి ఇంత క్రిందికి దిగినదేమని పిల్లలు తరగతిలో నన్ను అడుగుదురు. మా నేలను చూచినవారికి ఆ సందేహము కలుగదు. బంటుమిల్లి నుండి సముద్రము వరకు చూపు ఆనుటకు ఒక తిప్ప అయినను లేదు. ఇక్కడ గట్టే కొండ. 1864లో బందరును, 1977లో దివిసీమను ఉప్పెన ముంచినపుడు ఈ నేలలో ఒక బారెడు ఎత్తునకు ఎంత విలువయో తెలిసినది.

ద్రాక్షతోటలు మాకు లేవు, ఒప్పుకొందును. దాక్షారామమును ద్రాక్షారామముగా మార్చి పలికిన జాతి మనది కాని ఆ పేరులో తప్ప గోదావరి డెల్టాలోనూ ద్రాక్ష కనబడదు. దానికి మారుగా వరి ఉన్నది, తాడిచెట్ల వరుస ఉన్నది. ద్రాక్షాసవమునకు బదులు తాటికల్లు ఉన్నది గదా అని ఎవరైన అందురేని, ఉపాధ్యాయుడను గనుక అవుననను. ఈ ఊరివాడను గనుక కాదననూ లేను.

ఇక కోటలందురా? బంటుమిల్లి నుండి పెడన మీదుగా బందరు చేరి, సముద్రపు వైపు సాగినచో బందరుకోట కలదు. 1759లో కర్నల్ ఫోర్డు దానిని ఫ్రెంచివారి చేతినుండి పట్టుకొన్నాడు. కర్ణాటకమునకు ఆవల, ఈ తీరమున, తెల్లవారిలో ఎవరు మిగులుదురను ప్రశ్నకు చాలవరకు ఆ ఇటుకగోడల దగ్గర సమాధానము వచ్చినది. ఇప్పుడక్కడ కూలినవి కూలగా నిలిచినవి కొన్ని గోడలు, తుప్పలు. ఊరిలో డచ్చివారి సమాధులు, వాటి రాళ్ళమీద చెక్కిన అక్షరములు ఉన్నవి. అక్కడినుండి పడమరగా చల్లపల్లి జమీందారుల కోట. దానికి దగ్గరలోనే ఘంటసాల. గ్రీకు భూగోళకారుడు టాలెమీ చెప్పిన కంటకోస్సిలా ఇదియేనని చరిత్రకారుల మతము. అలెగ్జాండరు రీ 1894లో ప్రకటించిన గ్రంథమున భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాలల స్తూపములను కలిపి వర్ణించినాడు. ఇంకను ముందుకు పోయి కృష్ణ కరకట్ట ఎక్కినచో శ్రీకాకుళము. ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యము చెప్పుమనెనని రాయలవారు ఆముక్తమాల్యదలో చెప్పుకొన్న స్థలమది. ఇటు మొవ్వ, కూచిపూడి. దిగువకు పోయినచో పులిగడ్డ. నది రెండు పాయలై దివిసీమను కౌగిలించుకొను చోటు.

ఇవన్నియు కారులో ఒక పూటలో చుట్టి రావచ్చును. నేనును విద్యార్థులను బస్సులో తీసికొనిపోయి చూపించితిని. వారికి గుర్తున్నది మధ్యాహ్నపు భోజనము. అటు తరువాత ఒక ఏడు నలుగురు పిల్లలు సైకిళ్ళమీద మూడు దినములు తిరిగి వచ్చినారు. ఏ లాకు దగ్గర నీరు ఏ ప్రక్కకు మరలునో, ఎక్కడ వరిపైరు ఆగి చేపల చెరువులు మొదలగునో, పెడనలో కలంకారీ గుడ్డలను ఎక్కడ ఉతికి ఆరవేయుదురో వారు చెప్పగా నేను వినవలసివచ్చినది. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుమట్టిమీద ఒక జాతి చరిత్ర ఎట్లు పేరుకొన్నదో గ్రహించుటకు సైకిలు వేగమే సరియైన వేగమని నాకు అప్పుడు తోచినది.

కాని ఆ పిల్లలు తిరుగు ప్రయాణములో గట్టు దిగి లారీల రోడ్డు పట్టినారు. కారణము చెప్పెదను. మాది నల్లరేగడి. తడిసెనా ఉబ్బి బంకవలె చక్రమునకు చుట్టుకొని మడ్‌గార్డులో ఇరుకును. ఎండెనా నెఱ్ఱెలు విచ్చును. మెట్టప్రాంతమునుండి ఎఱ్ఱని గ్రావెల్ తెచ్చి పరచి రోలరుతో అణచినగాని దానిమీద బాట నిలువదు. పూర్వము పరచినచోట కూడ నేడది లేదు. పూడిక తీసిన ప్రతిసారి ఆ బురదను గట్టుమీదనే కుప్పలు పోసి పోవుచున్నారు. నిరుడు ఒక కంట్రాక్టరు పోయించిన కుప్ప మా విద్యార్థినులు వచ్చు దారికి అడ్డముగా వానకాలమంతయు ఉన్నది. నేను రెండు అర్జీలు వ్రాసితిని. మూడవది వ్రాయులోపల దానిమీద తుమ్మమొక్కలు మొలిచినవి. తక్కిన చోట్ల ఊరి చెత్త, గడ్డివాములు, ఆక్రమించి వేసిన పాకలు.

ఈ దుఃస్థితికి మందుగా అందరును అడుగునది తారురోడ్డు. నా అభిప్రాయము అందుకు విరుద్ధము. ఊరూరికి తారురోడ్డు కావలెను, అందులో వివాదము లేదు. చాల ఊళ్ళకు అది ఉన్నది కూడ. కాని కాలువగట్టుకు తారు పూసినచో మరునాడే చేపల లారీలు, ఇసుక లారీలు దానినెక్కును. రేగడికట్ట ఆ బరువునకు క్రుంగును, తారు పగులును, గట్టు కాలువలోనికి జారును. గ్రావెల్ బాట గుంటపడినచో నాలుగు తట్టల మట్టితో బాగుపడును.

ఇది వెనుకబడినవాని మాట యని కొందరందురు. ఇటలీలో కియాంతీ యను సీమ కలదు. అక్కడ కొండలనిండ ద్రాక్షతోటలు, కోటలు. వాటి నడుమ తెల్లని గులకమట్టి దారులు. వాటికిని తారు వచ్చుచున్న కాలమున, 1997లో, గయోలె అను ఊరివద్ద కొందరు పాతకాలపు సైకిళ్ళెక్కి ఆ మట్టిదారులను రక్షింపుడని యాత్ర చేసిరి. వెనుకటి ఏండ్లలో ఆ దారులమీదనే గొప్ప సైకిలు పందెము కూడ వెలసినది. దాని పేరే ‘తెల్లదారులు’. ఇప్పుడు ధనవంతుల దేశములలో గ్రావెల్ సైకిలని ప్రత్యేకముగా ఒకటి చేసి లక్షలకు అమ్ముచున్నారు. మా శిష్యునిదియు అటువంటిదే. టైరు వెడల్పు ఎంతయని అడిగితిని. నలుబది మిల్లీమీటర్లన్నాడు. మన పాలవాని ఇరువదియెనిమిది అంగుళముల సైకిలుకు ఉన్నది ఒకటిన్నర అంగుళముల టైరే. ఇంచుమించు అంతే వెడల్పు.

అయితే గట్టును విహారయాత్రికుల కొరకు బాగుచేయుడని నేను కోరుట లేదు. వారు వచ్చిన రావచ్చును. దినదినము ఆ గట్టుమీద పోవువారు వేరు. కళాశాలకు వచ్చు ఆడపిల్లలు, తెల్లవారకముందే పోవు కూలీలు, నీళ్ళ వంతు చూచుకొను రైతులు, పేపరు వేయు కుఱ్ఱవాడు. గట్టు చెడినందున వారందరును లారీల నడుమకు దిగవలసివచ్చుచున్నది. చీకటివేళ ఆ రోడ్డుమీద సైకిలు త్రొక్కు పిల్లను చూచిన తండ్రి మరుసటి సంవత్సరము ఆమె చదువు మాన్పించిన సందర్భము నేనెఱుగుదును. డాన్యూబు ఒడ్డువలె ఇక్కడను దేశదేశములవారు రావలెనను కోరిక నాకును ఉన్నది గాని, ఆ పిల్ల చదువు తరువాతనే.

కోతల కాలమున ధాన్యపు ట్రాక్టరు పోవలెను గదా యని రైతుమిత్రులు అడుగుదురు. పోవలెను. లాకువంతెనల దగ్గర లారీ దూరక ట్రాక్టరు దూరునంత ఎడముతో రెండు రాతిస్తంభములు పాతించినచో చాలును. 2008లో కాకినాడ మొదలు పుదుచ్చేరి వరకు ఈ కాలువలలో కొన్నిటిని కలుపుకొని జాతీయ జలమార్గమని ప్రకటించినారు. నీటిని గూర్చి అంత దూరము ఆలోచించినవారు నీటి ప్రక్కనున్న బాటను గూర్చియు ఆలోచింపవచ్చును.

వేసవిలో కాలువలు కట్టివేసెదరు. పూడిక పనులు జరుగునది అప్పుడే. తీసిన మట్టిని గట్టుమీద చదునుచేసి, పైన గ్రావెల్ పరచి, రోలరు త్రిప్పినగాని బిల్లు చెల్లదను షరతు ఆ టెండరు కాగితములలో చేరవలెను. అందుకు గడువు రెండు మాసములు కూడ లేదు. మూడవ అర్జీ ఈ వారము వ్రాయుచున్నాను. ఆయకట్టు రైతులును, పిల్లల తలిదండ్రులును దానిమీద సంతకము చేయుదురేని, కళాశాల ముగిసిన పిమ్మట సాయంకాలము నేను లాకుల దగ్గర ఉందును.