మన హెచ్‌ఎల్‌ఏ రకాలకూ ప్రయోగశాలలో చోటు కావాలి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రజలకు, వైద్యులకు, గ్రామసభలకు విన్నపం

ఫిట్స్‌కు డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్న మందు కార్బమజిపైన్. చవకైనది, బాగా పనిచేస్తుంది. ఈ కాగితం చదివి ఎవరూ మాత్రలు ఆపొద్దు. కానీ బహు కొద్దిమందికి ఆ మందే ఒళ్లంతా బొబ్బలు లేపి, చర్మం ఊడొచ్చేలా చేసి ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటివారిలో చాలామందికి హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే రకం ఉందని 2004లో తైవాన్ పరిశోధకులు కనిపెట్టారు. మన దేశపు రోగుల్లోనూ ఆ సంబంధం బయటపడింది.

హెచ్‌ఎల్‌ఏ అంటే మన కణాల పైపొర మీద ఉండే ప్రోటీన్లు. కణం లోపలి ప్రోటీన్ల ముక్కలను ఇవి బయటికి తెచ్చి చూపుతాయి. దండెం మీద ఆరేసిన బట్టలను చూసి ఇంట్లో ఎవరుంటున్నారో పోల్చుకున్నట్టు, మన టి-కణాలు ఆ ముక్కలను చూసి లోపల వైరస్ చేరిందో లేదో తెలుసుకుంటాయి. ఈ ప్రోటీన్లను తయారుచేసే జన్యువుల్లో ఇప్పటికి 40 వేలకు పైగా రకాలు నమోదయ్యాయి.

ఒక్కో మనిషిలో ఇవి చాలా రకాలు కలిసి ఉంటాయి. మరి ఏ రకం ఏం చేస్తోందో ఎలా తేలుతుంది? సొంత హెచ్‌ఎల్‌ఏ-ఏ, బి దాదాపు లేని సి1ఆర్ అనే మానవ కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటిలోకి ఒకే ఒక్క రకం జన్యువును ఎక్కిస్తారు. ఇక ఆ కణాల మీద కొత్తగా ఏ మార్పు కనిపించినా అది చాలావరకు ఆ రకం పనే. హెచ్‌ఐవీ మందు అబాకవిర్ కొందరికి ఎందుకు పడదో 2012లో ఇలాగే తెలిసింది. ఆ మందు హెచ్‌ఎల్‌ఏ-బి*57:01లో ముక్కలను పట్టుకునే గాడిలోకి దూరి, బయట కనిపించే ముక్కలనే మార్చేస్తుంది. దాంతో రక్షణ కణాలు సొంత ఒంటినే పరాయిదనుకుంటాయి.

అయితే ఇలాంటి పరిశోధన ఎక్కువగా ఐరోపా సంతతిలో తరచుగా కనిపించే రకాల చుట్టూనే సాగింది. అందరూ ఎక్కువగా చదివింది హెచ్‌ఎల్‌ఏ-ఏ*02:01. మన దేశంలో తరచుగా కనిపించే ఏ*02:11 మీద చూపు పడింది తక్కువ. టీకాలకు, క్యాన్సర్ చికిత్సలకు లెక్కలు కట్టేది ఈ సమాచారంతోనే.

తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సముదాయాల్లో కొన్ని జన్యు రకాలు చిక్కబడతాయి. వైశ్యుల సంగతి మత్తు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఆ సముదాయంలో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం త్వరగా దిగదు, ఊపిరి తిరిగి అందుకోవడం ఆలస్యమవుతుంది. అడిగి తెలుసుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది. గోండులు, కొలాములు, తోటీలు, నాయకపోడులు, ప్రధానులు, సిరిసిల్ల నేతన్నలు, వీళ్లలో ఏ హెచ్‌ఎల్‌ఏ రకాలు ఎక్కువో తెలిస్తే మందుల చీటీ రాసే చేతికి అలాంటి జాగ్రత్తే వస్తుంది.

మేము కోరేది ఇదీ. అంగీకరించినవారి బుగ్గ లోపలి తడిని దూదిపుల్లతో తీసి హెచ్‌ఎల్‌ఏ రకాలు తేల్చాలి. తరచుగా కనిపించే ఒక్కో రకానికి, ఆ జన్యువొక్కటే ఎక్కించిన కణాల సెల్ లైన్ ఒకటి హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో తయారుచేసి, దేశంలోని ప్రతి పరిశోధకుడికీ అందుబాటులో ఉంచాలి. జన్యువులోని అక్షరాల వరుస తెలిస్తే దాన్ని ప్రయోగశాలలోనే కూర్చవచ్చు, నమూనా ఇచ్చినవారి కణాలను పెంచనక్కర్లేదు. 10 వేల మంది జన్యుక్రమాలను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో విడుదలైంది. చదవగలిగిన దేశానికి ఈ తర్వాతి అడుగు భారం కాదు.

పడకలు చాలని ఆస్పత్రులకు ముందు కావాల్సింది ఇదేనా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఆస్పత్రుల డబ్బు ముట్టకుండా పరిశోధన నిధుల నుంచే ఇది జరగాలంటున్నాం.

అంగీకారం విషయంలో మాత్రం రాజీ లేదు. అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి తల్లి కణాలను 1951లో ఆమెకు చెప్పకుండానే పెంచారు. వాటితో లాభపడ్డ ఒక కంపెనీతో ఆమె కుటుంబానికి రాజీ కుదిరింది 2023లో. మన గూడేల్లో అలా జరగనివ్వం. ఏం తీస్తున్నారో, ఎందుకో, ఎవరి దగ్గర ఉంటుందో గోండిలో, కొలామీలో, తెలుగులో గ్రామసభకు ముందే చెప్పాలి. వద్దన్నవారి జోలికి పోకూడదు. తేలిన ఫలితం ఆ మనిషికి, అతనికి వైద్యం చేసే డాక్టరుకు చేరాలి. వచ్చే లాభంలో సముదాయానికి వాటా రాతపూర్వకంగా ఉండాలి.

ఈ షరతులతో మీ గ్రామసభలో తీర్మానం చేసి ఒక ప్రతి ఉట్నూరు ఐటీడీఏకు, ఇంకొకటి మీ జిల్లా కలెక్టరుకు పంపండి. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర దర్బారుకు అధికారులు వస్తారు. తీర్మానాలన్నీ ఒక్క కట్టగా అక్కడ వాళ్ల చేతికే ఇద్దాం.